తుంటి విరిగిన అమ్మకు ఏ కోత మంచిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. మా అమ్మకు 74 ఏళ్లు. ఆదివారం సాయంత్రం పెరట్లో జారి పడింది, మళ్లీ లేవలేకపోయింది. కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. తుంటి దగ్గర ఎముక మెడ విరిగి పక్కకు జరిగిందని, బంతి మార్చే బైపోలార్ ఆపరేషన్ చేయాలని, తొడ పక్క నుంచి కోత పెడతామని చెప్పారు. ఎక్స్‌రేలు విజయవాడ సూర్యారావుపేటలో మరో డాక్టరు గారికి చూపించాం. ఆపరేషన్ అదేనట గానీ, వెనక నుంచి చేస్తే నడక బాగుంటుందన్నారు. హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు ముందు నుంచి చిన్న కోతతో, కండ కోయకుండా చేసే కొత్త పద్ధతి వచ్చిందని అక్కడికి తీసుకురమ్మంటున్నాడు. మా ఎదురింటాయనకు తుంటి విరిగితే మూడు చిన్న గాట్లతో సరిపోయింది. మా బావగారు పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. అమ్మకు బీపీ, షుగరు ఉన్నాయి. గుండెకు స్టెంటు వేసి రెండేళ్లయింది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతోంది. ఈమధ్య కాస్త మతిమరుపు కూడా. అయినా రోజూ గుడికి తనే నడిచి వెళ్లేది. పడి మూడు రోజులైంది. ఏ కోత మంచిదో చెప్పండి. ఒక కొడుకు, గుంటూరు.

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా క్లుప్తంగా రాశాను. చేర్చిన ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జను, అనుభవమున్న మత్తు డాక్టరు, గుండె సంగతి చూసే ఫిజీషియన్ ఉంటే అమ్మగారిని అక్కడి నుంచి కదిలించవద్దని, ఆపరేషన్ మరునాడే జరిగేలా చూడమని చెప్పాను. ఇక్కడ వివరంగా రాస్తున్నది మీకోసమే కాదు. ఇద్దరు డాక్టర్లు రెండు కోతలు చెప్పడంతో ఎటూ తేల్చుకోలేక రోజులు గడిపేసిన కుటుంబాలను నేను చాలానే చూశాను. ఆ రోజుల్లో నష్టపోయేది మంచం మీదున్న మనిషే.

ముందు ఎదురింటాయన సంగతి తేల్చుకుందాం. ఆయనకు చిన్న గాట్లతో సరిపోయిందంటే ఆయన సర్జను మెరుగైనవాడని కాదు. ఆయనకు విరిగిన చోటు వేరు అయి ఉంటుంది. తొడ ఎముక పైకొసన బంతి ఉంటుంది, దాని కింద సన్నని మెడ, మెడ కింద తొడ పక్కన చేతికి తగిలే గుబ్బ. గుబ్బ ప్రాంతంలో విరిగితే అక్కడ రక్తప్రసారం బాగుంటుంది కాబట్టి ఎముక అతుకుతుంది. ముక్కలను వరుసలో నిలిపి పట్టి ఉంచితే చాలు. రోగిని ప్రత్యేకమైన బల్ల మీద పడుకోబెట్టి, కాలు లాగి ముక్కలను సరిచేసి, సీ-ఆర్మ్ తెర మీద ఎక్స్‌రే చూస్తూ, గుబ్బకు కాస్త పైన మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల గాటులోంచి రాడ్డు దింపుతారు. పక్క నుంచి ఇంకో గాటులో మెడలోకి స్క్రూ, ఇంకా కింద మరో చిన్న గాటులో రాడ్డును బిగించే స్క్రూ. ఆ మూడు గాట్ల లెక్క ఇదే. అదే చోట రాడ్డుకు బదులు, పెద్ద స్క్రూతో ఎముక పక్కన బిగించే డీహెచ్‌ఎస్ ప్లేటు వేస్తే తొడ పక్కన పొడవాటి కోత తప్పదు. అంతమాత్రాన అది నాసి పద్ధతి అనుకోకండి. ముక్కలు నిలకడగా ఉండే విరుగుళ్లకు ప్లేటు కూడా చక్కగా పనికివస్తుంది.

అమ్మగారికి విరిగింది మెడ. బంతికి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలు చాలావరకు ఆ మెడను అంటిపెట్టుకునే పైకి పోతాయి. మెడ విరిగి పక్కకు జరిగినప్పుడు అవి తెగిపోతాయి. ఆ వయసులో స్క్రూలు వేసి అతికించాలని చూస్తే అతకకపోవచ్చు, అతికినా కొన్నాళ్లకు బంతి చచ్చుబడిపోవచ్చు. అప్పుడు రెండో ఆపరేషన్. అందుకే విరిగిన బంతిని తీసేసి దాని స్థానంలో లోహపు బంతి అమరుస్తారు. బంతి కూర్చునే గిన్నెను మార్చరు కాబట్టి దీన్నే సగం కీలు మార్చడం అంటారు. దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల వ్యాసమున్న బంతి ఒకటి బయటికి రావాలి, అంతటిదే ఇంకొకటి లోపలికి పోవాలి, తొడ ఎముక గొట్టంలో దాని కాడ కూర్చోవాలి. ఈ పని మూడు గాట్లలో జరగదు. మీ ఇద్దరు డాక్టర్లూ ఒకే ఆపరేషన్ చెప్పారంటే అసలు విషయంలో వారికి భేదాభిప్రాయం లేనట్టే. దీన్ని మీరు గట్టిగా మనసులో పెట్టుకోవాలి.

ఇక కోతలు. ఒకే ఇంట్లోకి వీధి గుమ్మం నుంచి వెళ్లవచ్చు, పెరటి గుమ్మం నుంచి వెళ్లవచ్చు, పక్క సందులోంచీ వెళ్లవచ్చు. లోపల చేసే పని మారదు. దారిలో దేన్ని తొలగించి మళ్లీ సర్దాలన్నదే తేడా.

వెనక దారిలో పిరుదులోని పెద్ద కండరాన్ని పోగుల వెంట విడదీస్తారు. దాని అడుగున, తొడను బయటికి తిప్పే చిన్న కండరాలు కొన్ని ఉంటాయి. వాటిని ఎముక దగ్గర తెంచి, కీలును చుట్టి ఉన్న సంచిని తెరుస్తారు. నడుస్తున్నప్పుడు నడుమును పక్కకు ఒరగకుండా నిలబెట్టే గ్లూటియస్ మీడియస్ కండరం జోలికి పోనక్కరలేదు. సూర్యారావుపేట డాక్టరు గారు నడక బాగుంటుందన్నది ఇందుకే, ఆ మాటలో నిజముంది. ఇబ్బంది ఎక్కడంటే, కీలుకు వెనక వైపున్న కాపు తెరిచాం కాబట్టి అది మానేలోగా బంతి వెనక్కి జారిపోయే అవకాశం ఎక్కువ. మోకాలిని ఛాతీ వైపు బాగా వంచి, తొడను లోపలికి తిప్పినప్పుడు ఇది జరుగుతుంది. మన ఇళ్లలో పీట మీద కూర్చోవడం, నేల మీది మరుగుదొడ్డి వాడటం, మంచం మీద నుంచి వంగి చెప్పులు అందుకోవడం అచ్చంగా ఆ కదలికలే. సయాటిక్ నరం కూడా ఆ దారిలోనే ఉంటుంది, దాన్ని కాపాడుకుంటూ పనిచేయాలి.

పక్క దారిని ఈ రోజుల్లో చాలామంది చేసే తీరులో 1982లో ఇంగ్లండు సర్జను హార్డింజ్ వివరించారు. ఇందులో ఆ గ్లూటియస్ మీడియస్ కండరంలోనే ముందు భాగాన్ని గుబ్బ నుంచి లేపి, పని అయ్యాక తిరిగి కుట్టాలి. వెనక గోడ చెక్కుచెదరదు, కాబట్టి బంతి జారడం తక్కువ. ఆ కుట్టు సరిగా పట్టకపోతే మాత్రం నడకలో కుంటు మిగులుతుంది. కండరాన్ని గుబ్బ కొన నుంచి ఐదు సెంటీమీటర్లకు మించి పైకి చీల్చినా, అక్కడుండే నరం దెబ్బతిని అదే ఫలితం. అడుగడుగునా ఒక పక్కకు ఒరిగిపోతూ నడిచే పెద్దవారిని మీరూ చూసే ఉంటారు. వారిలో కొందరి ఇబ్బంది ఇదే.

మీ మేనల్లుడు చెప్పిన ముందు దారి కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే జర్మన్ సర్జను హ్యూటర్ దాన్ని వర్ణించారు, 1917లో అమెరికాలో స్మిత్-పీటర్సన్ దానికి విస్తృత రూపం ఇచ్చారు. కీలుమార్పిడికి ఈమధ్య మళ్లీ ఆదరణ పెరిగింది, అంతే. రెండు కండరాల మధ్య సందులోంచి లోపలికి వెళ్తారు కాబట్టి కండ పెద్దగా తెగదన్నది నిజమే. మొదటి వారాల్లో నొప్పి తక్కువగా ఉండి త్వరగా నడిచేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ దారిలో తొడ ఎముక గొట్టం సర్జనుకు సులభంగా అందదు. దాన్ని పైకి లేపి కాడ దించాలి. గట్టి ఎముక అయితే తట్టుకుంటుంది. జారి పడితేనే విరిగినంత బోలుబారిన ఎముక ఆ ప్రయత్నంలో మళ్లీ పగిలే ప్రమాదం ఉంది. ఈ పద్ధతిలో చేయి తిరగడానికి సర్జనుకు చాలా ఆపరేషన్లు పడతాయి. తొడ ముందు, పక్క చర్మం మొద్దుబారడం కూడా దీనిలో తరచుగా వినే ఫిర్యాదు. చేయి తిరిగిన సర్జను మీరున్న ఆసుపత్రిలోనే ఉంటే నేను అడ్డు చెప్పను. దానికోసం విరిగిన కాలితో అమ్మగారిని గుంటూరు నుంచి హైదరాబాదు దాకా అంబులెన్సులో తీసుకెళ్లడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఈ దారులను పోల్చి చూసిన అధ్యయనాలు ఉన్నాయి. 2008లో స్టాక్‌హోం వైద్యులు తుంటి మెడ విరిగి సగం కీలు మార్చిన 739 తుంటులను పరిశీలించారు. ముందు-పక్క దారిలో, అంటే పైన చెప్పిన పక్క దారి లాంటి దానిలో, చేసినవాటిలో బంతి జారింది నూటికి మూడు. వెనక నుంచి చేసి, తెంచిన కండరాలను తిరిగి కుట్టినవాటిలో ఎనిమిదిన్నర. కుట్టకుండా వదిలేసినవాటిలో పదమూడు. చివరి రెండు అంకెల మధ్య తేడాను చూడండి. వెనక దారి ఎంచుకోవడం ఒక ఎత్తయితే, మూసేటప్పుడు ఆ పది నిమిషాల ఓపిక ఇంకో ఎత్తు. నార్వే దేశపు తుంటి విరుగుళ్ల రిజిస్టరులో మాత్రం పక్క దారిలో చేయించుకున్నవారు నడకలో ఇబ్బందులు ఎక్కువగా చెప్పారు. ఇంగ్లండులోని పీటర్‌బరోలో 216 మందికి చీటీ తీసినట్టు పక్క దారి, వెనక దారి కేటాయించి చూస్తే నొప్పిలోనూ నడకలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ మూడింటినీ కలిపి చదివితే, మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదని తెలుస్తుంది.

అయినా మీరు నా అభిప్రాయం అడిగారు కాబట్టి దాటవేయను. అమ్మగారి విషయంలో నేను పక్క కోతకే మొగ్గుతాను. కారణం మీరు ఉత్తరం చివర్లో పొడిగా రాసిన మాట: ఈమధ్య కాస్త మతిమరుపు. వెనక నుంచి చేయించుకున్న మనిషి ఆరు నుంచి పన్నెండు వారాలు ఎలా కూర్చోవాలో, ఎలా వంగకూడదో గుర్తు పెట్టుకోవాలి. అర్ధరాత్రి నిద్రలో లేచి, ఎవరినీ పిలవకుండా, అలవాటు ప్రకారం కిందికి వంగే పెద్దావిడకు ఆ జాగ్రత్తలు చెప్పి ప్రయోజనం తక్కువ. బంతి జారితే మళ్లీ మత్తు, మళ్లీ కీలు కూర్చోబెట్టడం, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్. స్టెంటు ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సగం కీలు వేసేటప్పుడు వెనక దారి కంటే ముందు-పక్క దారిని పరిశీలించమన్నాయి. ఒక్క షరతు ఉంది. మీ సర్జను ఏళ్లుగా వెనక నుంచే చేస్తూ, కీలు సంచిని, చిన్న కండరాలను ప్రతిసారీ తిరిగి ఎముకకు కుట్టే మనిషి అయితే, ఆయన్ని అలవాటు లేని దారిలోకి నెట్టకండి. ఆయన చేతికి వచ్చిన వెనక దారే అమ్మగారికి మేలు.

కోత పొడవు గురించి మీరు నేరుగా అడగలేదు గానీ, మీ మేనల్లుడి మాటల్లో ఉన్నది అదే. 2005లో బెల్‌ఫాస్ట్ వైద్యులు కీలుమార్పిడి చేయించుకున్న 219 మందిని రెండు గుంపులు చేశారు. కొందరికి పది సెంటీమీటర్లు దాటని కోత, కొందరికి పదహారు సెంటీమీటర్ల కోత. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు గానీ, ఆరు వారాలకు గానీ, చిన్న కోతవారు మెరుగ్గా నడిచిన దాఖలా లేదు. పైన కనిపించే గీత చిన్నదైనా లోపల విడదీసిన కండరం అంతే కదా. పైగా సందు చాలక చర్మపు అంచులను బలంగా లాగి పట్టుకుంటే అవి నలిగి, కుట్లు ఆలస్యంగా మానతాయి. షుగరు ఉన్న మనిషికి ఆ నలుగుడు అక్కరలేదు. సర్జనుకు ఎంత సందు కావాలో అంత తీసుకోనివ్వండి.

నన్ను నిజంగా కలవరపెట్టింది మీ ఉత్తరంలోని మూడు రోజులు. పెద్దవారికి తుంటి విరిగితే చేరిన రోజే, లేదా మరునాడు ఆపరేషన్ జరగాలని ఆ నైస్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశంతో సహా 17 దేశాలకు చెందిన 2970 మంది ఉన్నారు. కొన్ని గంటల్లోనే ఆపరేషన్ చేసినవారికీ, దాదాపు ఒక రోజు తర్వాత చేసినవారికీ మరణాల్లో తేడా రాలేదు. మతి చలించి కలవరించడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ మాత్రం త్వరగా చేసినవారిలో తగ్గాయి, వాళ్లు త్వరగా లేచి నిలబడ్డారు. గంటల తేడాకే ఇంత ఉంటే, కోత గురించి చర్చిస్తూ రోజులు పోగొట్టుకోవడంలో అర్థముందా? మంచాన పడిన ప్రతి రోజూ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడానికి, వీపు మీద పుండు పడటానికి, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడానికి దారి తీస్తుంది.

క్లోపిడోగ్రెల్ ఉంది కాబట్టి ఐదారు రోజులు ఆగాలని ఎవరైనా అంటే, ఆ మాట మీద ఇంకోసారి మాట్లాడమని మర్యాదగా అడగండి. తుంటి విరుగుళ్లలో ఆ మాత్ర కోసం ఆపరేషన్ వాయిదా వేయవద్దన్నదే ఇప్పటి వైద్యుల సాధారణ అభిప్రాయం. రక్తం కొంచెం ఎక్కువ పోవచ్చు, దానికి సిద్ధంగా ఉంటారు. ఆ మాత్ర వాడేవారికి వెన్నులో సూది వేయడానికి మత్తు డాక్టర్లు వెనకాడతారు, అది సబబే. అప్పుడు పూర్తి మత్తు ఇస్తారు. పూర్తి మత్తంటే భయపడకండి. 1600 మంది మీద జరిగి 2021లో వచ్చిన అధ్యయనంలో వెన్నుమత్తు, పూర్తి మత్తు తీసుకున్నవారి నడకలో అరవై రోజులకు తేడా లేదు. మీ అంతట మీరు మాత్రం ఆ మాత్రను ఆపవద్దు, మొదలుపెట్టవద్దు. స్టెంటు వేసిన కాగితాలు మత్తు డాక్టరు చేతిలో పెట్టండి.

ఆపరేషన్ దాకా కాలికి బరువు కట్టి వేలాడదీశారేమో. దానివల్ల నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. దానికంటే తొడ మొదట్లో నరానికి మత్తు సూది వేయమని అడగండి. చాలా ఉపశమనం ఉంటుంది, కలవరింత కలిగించే గట్టి నొప్పి మందుల అవసరమూ తగ్గుతుంది.

బావగారికి నా తరఫున గౌరవంగా చెప్పండి. పుత్తూరు కట్టు మీద మన జిల్లాల్లో ఎందరికో ఎంత నమ్మకముందో నాకు తెలుసు. కానీ తుంటి మెడ కండరాల లోతుల్లో ఉంటుంది. పైన ఎంత బిగించి కట్టినా ఆ ముక్కలను పట్టి ఉంచడం ఏ కట్టుకూ సాధ్యం కాదు. నెలల తరబడి పడుకుని ఉన్నా అది అతకదు. నడిచి గుడికి వెళ్లే మనిషి మంచానికే పరిమితమవుతుంది.

సర్జనుతో మాట్లాడేటప్పుడు కోత గురించి ఒక్క ప్రశ్న చాలు: మీరు ఎక్కువగా ఏ దారిలో చేస్తారు, మూసేటప్పుడు ఏమేం తిరిగి కుడతారు? మిగిలిన సమయాన్ని కాడను సిమెంటుతో బిగిస్తారా అన్న దాని మీద పెట్టండి. 2022లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 1225 మందిని పోల్చితే, సిమెంటు వేసినవారికి నాలుగు నెలలకు జీవితం కొంత మెరుగ్గా ఉంది, కాడ చుట్టూ ఎముక మళ్లీ విరగడం తగ్గింది. బోలు ఎముకకు సిమెంటే మంచిదని నా నమ్మకం. సిమెంటు వేసే కొద్ది నిమిషాల్లో కొందరికి బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారిలో మత్తు డాక్టరు ముందే జాగ్రత్త పడతారు. సగం కీలా, గిన్నెతో సహా మొత్తం కీలా అని కూడా ఎవరైనా అడగవచ్చు. బాగా చురుకుగా ఉండి మతి నిలకడగా ఉన్నవారికి మొత్తం కీలు మార్చడం కొంచెం లాభమే. అమ్మగారికి సగం కీలు చాలు. ఖర్చు గురించి ఆలోచన ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగాలి. గుంటూరు జీజీహెచ్‌లోనూ మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఎముకల విభాగాలు ఉన్నాయి.

ఏ కోతతో చేసినా మరునాడే వాకర్ పట్టుకుని లేచి నిలబడాలి. సిమెంటు కాడ మీద పూర్తి బరువు మోపవచ్చు. కుట్లు పడ్డాయి, ఇప్పుడే ఎందుకు అని బంధువులు ఆపుతారు. వారి ప్రేమ అర్థమవుతుంది, అయినా వినకండి. రాత్రిపూట ఇంటి మనిషి ఎవరో ఒకరు అమ్మగారి పక్కన ఉండండి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే మెలకువ రాగానే పెట్టండి. మత్తు తర్వాత రెండు మూడు రోజులు ఎక్కడున్నానో తెలియక కలవరపడే పెద్దవారికి తెలిసిన ముఖం, తెలిసిన గొంతు మందుతో సమానం. ఇంటికి వచ్చేలోగా ఎత్తైన కుర్చీ, కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు, పట్టుకోవడానికి గోడకు కమ్మీ సిద్ధం చేయండి. వెనక కోత అయితే పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు ఉండాలి. పీట, నేల మీద భోజనం ఏ కోతకైనా కొన్ని నెలలు వద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఇంటికి వచ్చాక కూడా, మొత్తం నాలుగైదు వారాల దాకా వాడమంటారు. మధ్యలో మానకండి.

కుట్లు విప్పేటప్పుడు, అంటే సుమారు రెండు వారాలకు, ఎముకలు గట్టిపడే మందు గురించి మీరే అడగండి. ఎక్కువ మంది సర్జన్లు విరిగింది బాగు చేసి పంపిస్తారు, విరగడానికి కారణమైన బోలు ఎముకకు వైద్యం మొదలుకాదు. ఒక తుంటి విరిగినవారికి రెండోది విరిగే ముప్పు ఎక్కువ. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు మొదలుపెట్టి ఏడాదికోసారి జొలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూసిన 2007 నాటి అధ్యయనంలో కొత్త విరుగుళ్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఇది వేయడానికి ముందు విటమిన్ డి, కాల్షియం సరిపడా ఉండాలి, మూత్రపిండాలు బాగుండాలి. షుగరు ఉన్న మనిషి కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.